కరెంటు పోయిన అంబాసిడర్: మిల్లు షెడ్డు నుంచి వచ్చిన ఒక కేసు

బండి 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4. 1489 సీసీ పెట్రోల్ ఇంజను, పాత పద్ధతి పాయింట్ ఇగ్నిషన్, అంటే పాయింట్లు అనే చిన్న స్విచ్ తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ చేత స్పార్క్ పుట్టించే రకం. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు షెడ్డులో బస్తాల చాటున ఏళ్ళ తరబడి పడి ఉన్న బండి. మిల్లు యజమాని కొడుక్కి దాని మీద మనసు పడింది. తాత కొన్న బండి కదా, ఎలాగైనా రోడ్డు మీదికి తేవాలని టింకరింగ్ చేయించాడు, పెయింటు వేయించాడు, సీట్లు కుట్టించాడు. ఇంజను మాత్రం పలకలేదు. సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతుంది, ప్లగ్గు తీసి ఎర్త్‌కి (అంటే ఇంజను బాడీకి) ఆనిస్తే మాత్రం చుక్క స్పార్క్ లేదు. చివరికి టోయింగ్ బండి మీద ఎక్కించి నల్గొండలో నా షాపుకి తెచ్చాడు.

బండితో పాటు డిక్కీలో ఒక పాలిథిన్ కవరు వచ్చింది. తీసేసిన పాత సామానంతా అందులో ఉంది: కాయిల్ (వేల వోల్టులు పుట్టించేది), కండెన్సర్ (పాయింట్లకి తోడుగా ఉండేది), పాయింట్ సెట్టు, రోటర్ (తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకి స్పార్క్ పంచేది), డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు.

"అన్నా, అన్నీ కొత్తయే వేసినం. ఇంక మార్చనీకి ఏం మిగల్లేదు. ఇంజన్ దించాల్నా?" అన్నాడు.

ఇంజను దించే పని లేదు తమ్మీ, ఆ కవరు మాత్రం పారేయకు అన్నాను.

ఇలాంటి బండి చేతికి వచ్చినప్పుడు నేను రెండు ప్రశ్నలు విడివిడిగా పెట్టుకుంటాను. ఈ బండి మొదట ఎందుకు ఆగింది? ఇప్పుడు ఎందుకు స్టార్ట్ కావడం లేదు? ఒక మెకానిక్కు చేయి పెట్టాక ఈ రెండింటికీ జవాబు ఒకటే అవుతుందన్న భరోసా లేదు. ఒక లోపం ఉన్న బండికి ఏడు కొత్త పార్టులు వేశారంటే, ఏడు చోట్ల విప్పి బిగించారని అర్థం. పాతది అలాగే ఉండి, దాని మీద కొత్తవి చేరి ఉండవచ్చు. ఈ కేసులో జరిగింది అదే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

మీటరు తీయకముందు మొదటి ప్రశ్న గురించి ఓనరు తండ్రికి ఫోన్ చేయించాను. ఆ రోజుల్లో బండి నడిపింది ఆయనే. ఆయన చెప్పింది బంగారం లాంటి సమాచారం. బండి ఒక్కసారిగా ఆగలేదట. ఐడిల్‌లో బాగా ఉండేదట. రోడ్డు మీద ఒకే స్పీడులో, కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే దెబ్బలు కొట్టేదట. గట్టిగా తొక్కితే ఆ దెబ్బలు పోయి మళ్ళీ లాగేదట. పెట్రోల్ అందడం లేదనుకుని కార్బురేటర్ విప్పి కడిగించారు, పెట్రోల్ పంపు మార్పించారు. కొన్నాళ్ళకు మిల్లు గేటు దగ్గరే ఆగిపోయింది, అంతే, షెడ్డులోకి తోశారు.

పెట్రోల్ అందని బండి గట్టిగా తొక్కినప్పుడు చచ్చిపోవాలి, బాగుపడకూడదు. తేలిగ్గా తొక్కితే చెడి, గట్టిగా తొక్కితే బాగయ్యే జబ్బు వేరే చోట ఉంటుంది. ఎక్కడ ఉండవచ్చో అప్పుడే ఒక అనుమానం వచ్చింది. కాకపోతే అనుమానాన్ని పట్టుకుని నేరుగా అక్కడికే పోతే మధ్యలో ఉన్నవి కనపడకుండా పోతాయి. వరుసలోనే పోవాలి.

బ్యాటరీ 12.5 వోల్ట్ చూపించింది. స్విచ్ ఆన్ చేసి కాయిల్‌కి కరెంటు వచ్చే టెర్మినల్ మీద మీటరు పెడితే 10.1. రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతోంది. ఇంతకు ముందు చూసినవాళ్ళు దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, వాళ్ళు వైరు ఊడదీసి కొస దగ్గర చూశారు. ఊడదీసిన వైరులో కరెంటు పారదు, పారకపోతే వోల్టేజీ పడిపోదు. ఎంత చెడిన జాయింట్ అయినా మీటరుకి నిండుగా 12 చూపిస్తుంది. కాయిల్ తగిలించి, దానిలో నాలుగు ఆంప్‌లు పారుతుండగా చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది. 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే చుట్టు) సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది. దారిలో ముప్పావు ఓమ్ అడ్డం పడితే చాలు, ఇంత తేడా వస్తుంది.

కాయిల్ నుంచి వెనక్కి వెతుక్కుంటూ వస్తే, డ్యాష్‌బోర్డు కింద ఎలుకలు కొరికిన చోట తెల్ల వైరుని మెలిపెట్టి టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. మిల్లు షెడ్డు అంటే ఊక దుమ్ము, ఎలుకలు, ఎలుకలు పోసిన ఉచ్చ, ఈ మూడూ కలిస్తే రాగి అలాగే అవుతుంది. ఆ ముక్క కత్తిరించి కొత్త వైరు సోల్డర్ చేసి స్లీవ్ వేశాక కాయిల్ దగ్గర 12.1 వచ్చింది. ఇది స్పార్క్ పూర్తిగా పోవడానికి కారణం కాదు, దాన్ని బలహీనం చేస్తుంది అంతే. కానీ సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఎలాగూ 10 దగ్గరికి పడుతుంది, అందులో ఇంకో రెండు పోతే పొద్దున పూట స్టార్టింగ్ కష్టమే.

ఇక అసలు పరీక్ష. పాయింట్ ఇగ్నిషన్ ఉన్న బండిలో నాకు కావలసిన జవాబులు సగం ఒక్క చోటే దొరుకుతాయి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే టెర్మినల్ మీద మీటరు ఎర్ర పిన్ను, ఇంజను బాడీకి నల్ల పిన్ను. స్విచ్ ఆన్. రేడియేటర్ ముందు హ్యాండిల్ పెట్టి ఇంజనుని మెల్లగా తిప్పుతూ మీటరు చూడాలి. పాయింట్లు మూసుకున్నప్పుడు అక్కడ దాదాపు సున్నా రావాలి, 0.2 లోపు. తెరుచుకున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ రావాలి. ఇంజను తిరుగుతున్న కొద్దీ సున్నా, పన్నెండు, సున్నా, పన్నెండు. అలా మారుతుంటే ప్రైమరీ సర్క్యూట్ బాగున్నట్టే. ఎప్పుడూ సున్నాయే ఉంటే ఎక్కడో ఎర్త్ తగిలిపోయింది, లేదా కాయిల్ లోపల తెగింది. ఎప్పుడూ పన్నెండే ఉంటే పాయింట్ల దగ్గర ఎర్త్ అందడం లేదు.

మా హెల్పర్ పిల్లగాడు హ్యాండిల్ తిప్పాడు. సున్నా. ఇంకా తిప్పాడు. సున్నాయే. క్యాపు తీసి చూస్తే పాయింట్లు చక్కగా తెరుచుకుంటున్నాయి, మధ్యలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) కూడా దూరుతోంది. అయినా మీటరు కదలదు.

ఇప్పుడు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వైరు ఊడదీశాను. వెంటనే టెర్మినల్ మీద పన్నెండు వచ్చింది. అంటే కాయిల్ ప్రైమరీ తెగలేదు, ఎర్త్ తగులుతున్నది డిస్ట్రిబ్యూటర్ లోపలే. ఆ వైరు ఊడి ఉండగానే కాయిల్ మంచిదో కాదో కూడా తేల్చుకోవచ్చు. షాపులో ఎప్పుడూ ఒక మంచి కండెన్సర్‌కి క్రోకడైల్ క్లిప్పులు సోల్డర్ చేసి ఉంచుకుంటాను. దాన్ని కాయిల్ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య తగిలించాను. కాయిల్ నడిమి హెచ్.టి. వైరు (వేల వోల్టులు మోసేది) కొసని ఇన్సులేటెడ్ పట్టకారుతో పట్టి బ్లాక్‌కి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాను. ఒక చిన్న వైరు ముక్కతో కాయిల్ టెర్మినల్‌ని ఎర్త్‌కి తాకించి, టక్కున తీశాను. టప్ మని లావుపాటి నీలం స్పార్క్. పాయింట్ చేసే పనిని నేను చేత్తో చేశానంతే. కాయిల్ మంచిది, నడిమి వైరు మంచిది. కవర్లో ఉన్న పాత కాయిల్‌ని కూడా ఇలాగే పెట్టి చూశాను. అదీ అంతే లావుగా కొట్టింది. పాత కండెన్సర్ పెట్టినా అదే స్పార్క్.

ఈ పరీక్ష చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పక్కన పెట్రోల్ పైపు ఊడి ఉండకూడదు, ప్లగ్గు రంధ్రాలు తెరిచి ఉండకూడదు. హెచ్.టి. వైరుని ఏ ఎర్త్‌కీ దగ్గర పెట్టకుండా గాలిలో వదిలి పరీక్షించకూడదు. బయటికి దారి దొరకని వేల వోల్టులు కాయిల్ లోపల ఇన్సులేషన్‌ని చీల్చుకుంటాయి. అలాగే పాయింట్లు మూసుకున్న స్థితిలో స్విచ్ ఆన్ చేసి టీ తాగడానికి పోవద్దు. కాయిల్ కాలుతుంది.

డిస్ట్రిబ్యూటర్ లోపలికి వద్దాం. ఈ పాత లూకాస్ కంపెనీ రకం రెండు ముక్కల పాయింట్ సెట్‌లో ఒక చిన్న కంత ఉంది, తెలియనివాళ్ళు అందులో తప్పకుండా పడతారు. కదిలే పాయింట్ స్ప్రింగు ఒక చిన్న పోస్టుకి తగులుకుంటుంది. ఆ పోస్టు ఎర్త్. స్ప్రింగుకి మాత్రం ఎర్త్ తగలకూడదు. అందుకే కింద ఒక ఇన్సులేటర్ వాషరు, పైన గొంతు ఉన్న ఒక బుష్ ఇస్తారు, టోపీ ఆకారంలో ఉంటుంది. వరుస ఇలా ఉండాలి: కింది వాషరు, దాని మీద స్ప్రింగు కొక్కెం, దాని మీద కండెన్సర్ వైరు ట్యాగు, కాయిల్ నుంచి వచ్చే వైరు ట్యాగు, ఈ మూడింటి మధ్య నుంచి బుష్ గొంతు కిందికి దిగాలి, ఆ పైన నట్టు. అప్పుడు స్ప్రింగూ రెండు ట్యాగులూ ఒకదానికొకటి తగులుతాయి, పోస్టుకీ నట్టుకీ తగలవు.

ఈ బండిలో బుష్ ముందు పెట్టేసి, దాని మీద ట్యాగులు పెట్టి నట్టు బిగించారు. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. కానీ ట్యాగులు నేరుగా నట్టుకి ఆనుతున్నాయి, నట్టు పోస్టుకి, పోస్టు ఎర్త్‌కి. పాయింట్లు తెరుచుకున్నా మూసుకున్నా కాయిల్‌కి ఒకటే, ఎప్పుడూ ఎర్త్ తగిలే ఉంది. కాయిల్‌లో పారే కరెంటు ఆగితేనే సెకండరీలో, అంటే రెండో చుట్టులో, వేల వోల్టులు పుడతాయి. ఇక్కడ ఆగడమే లేదు.

దీని మీద ఎవరినీ తప్పు పట్టను. ఈ రోజుల్లో షాపుల్లో పనిచేసే పిల్లలు చాలామంది పాయింట్ సెట్టు చూడకుండానే పెరిగారు. స్కానర్ పెట్టి కోడ్ చదివే చేతికి ఈ అర అంగుళం బుష్ ఎలా తెలుస్తుంది? డబ్బాలో వాషర్ల వరుస చూపించే కాగితం కూడా ఉండదు. నా సలహా ఒక్కటే, పాతది విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మా కాలంలో ఆ సదుపాయం లేదు, వాషర్లని విప్పిన వరుసలోనే ఒక తీగకి గుచ్చి పెట్టుకునేవాళ్ళం.

వరుస సరిచేసి బిగించాను. కొత్త పాయింట్లకి తుప్పు పట్టకుండా ఒక పల్చని నూనె పొర పూసి ఇస్తారు, దాన్ని పెట్రోల్‌లో ముంచిన గుడ్డ పేలికతో తుడిచాను. మళ్ళీ మీటరు. పిల్లగాడు హ్యాండిల్ తిప్పాడు. పన్నెండు. వాడి ముఖం వెలిగింది. ఇంకా తిప్పరా అన్నాను. పన్నెండు. పన్నెండు. ఎంత తిప్పినా పన్నెండే.

ఇక్కడే ఈ కేసు నాకు నచ్చింది. ఇందాక ఎప్పుడూ సున్నా, ఇప్పుడు ఎప్పుడూ పన్నెండు. రెండు లోపాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. తప్పుగా బిగించిన ట్యాగు నేరుగా పోస్టు దగ్గర ఎర్త్ తగులుతుంటే... ఆగండి, ఆ పోస్టు కూడా పాయింట్లు కూర్చునే ప్లేటు మీదే ఉంటుంది కదా? ఆ ప్లేటుకి అప్పుడు ఎర్త్ ఉంది, ఇప్పుడు లేకుండా పోయింది. అంటే నేను వాషర్లు సరిచేసేటప్పుడు ప్లేటు ఏదో కొంచెం కదిలింది, దానితో ఎర్త్ పోయింది. ఉండీ లేనట్టు ఉన్న ఎర్త్ అన్నమాట. తండ్రి ఫోన్‌లో చెప్పిన దెబ్బల సంగతి ఇక్కడికి వచ్చి అతికింది.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. పాయింట్లు కూర్చున్న పై ప్లేటు డిస్ట్రిబ్యూటర్‌లో గట్టిగా బిగించి ఉండదు, కింది ప్లేటు మీద అటూ ఇటూ జారుతుంది. పక్కన ఉన్న వాక్యూమ్ డబ్బా (ఇంజను పీల్పుతో పనిచేసేది) దాన్ని లాగుతుంది. తేలిగ్గా తొక్కి ఒకే స్పీడులో పోతున్నప్పుడు వాక్యూమ్ ఎక్కువ అంది ప్లేటు పక్కకి జరుగుతుంది, స్పార్క్ కొంచెం ముందు పడుతుంది, మైలేజీ కలిసి వస్తుంది. ఐడిల్‌లో ఆ పైపుకి వాక్యూమ్ అందదు. గట్టిగా తొక్కితే పడిపోతుంది. ఆ రెండు సందర్భాల్లో ప్లేటు తన చోటికి తాను వచ్చేస్తుంది. ఇలా జారే ప్లేటుకి ఎర్త్ ఎలా అందాలి? అందుకే ప్లేటుకీ డిస్ట్రిబ్యూటర్ బాడీకీ మధ్య ఒక చిన్న మెత్తటి వైరు ఉంటుంది, వేలంత పొడవు. బండి నడిచినంత సేపూ అది వంగుతూ సాగుతూ ఉంటుంది.

మీటరు ఎర్ర పిన్ను పై ప్లేటు మీద, నల్ల పిన్ను ఇంజను బ్లాక్ మీద పెట్టాను. పాయింట్లు మూసి ఉన్నాయి, స్విచ్ ఆన్. అక్కడ సున్నా రావాలి. 12 వచ్చింది. ప్లేటుకి ఎర్త్ లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ వైరు కంటికి బాగానే ఉంది. పైన నూలు అల్లిక చెక్కు చెదరలేదు, రెండు కొసల ట్యాగులూ గట్టిగా ఉన్నాయి. టార్చి వేసి చూసినా ఎవరూ అనుమానించరు. చిన్న పట్టకారుతో పట్టి మెల్లగా లాగితే మధ్యలో నూలు సాగింది. రాగి ఉన్న వైరు సాగదు. అల్లిక చీల్చి చూస్తే లోపల పోగులన్నీ ఒకే చోట తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ తెగిన కొసలు ప్లేటు తన చోటులో ఉన్నప్పుడు ఒకదానికొకటి తగిలేవి, వాక్యూమ్ లాగినప్పుడు విడిపోయేవి. అందుకే ఐడిల్‌లో బాగుండి, తేలిగ్గా తొక్కితే దెబ్బలు కొట్టి, గట్టిగా తొక్కితే మళ్ళీ లాగేది. కార్బురేటర్‌ని ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం లాభం. నలభై ఏళ్ళ వైరు, పాపం దాని తప్పు కూడా కాదు.

తెగిన వైరు స్థానంలో ఏ వైరు వేస్తామన్నది ముఖ్యం. ఇంటి వైరింగ్ ముక్క వేస్తే రెండు రకాల నష్టం. గట్టిగా ఉండి ప్లేటుని జారనివ్వదు, లేదా కొన్ని వేల కిలోమీటర్లకే అదీ తెగుతుంది. నేను మంచి మీటరు లీడ్లకి వాడే సిలికాన్ వైరు వేశాను, వెంట్రుకల్లాంటి సన్న పోగులు ఉంటాయి, వేడికి కరగదు. సోల్డర్ ట్యాగు వరకే ఉండాలి. వైరులోకి పాకితే పాకినంత మేరా కడ్డీలా గట్టిపడి అక్కడే విరుగుతుంది. ట్యాగు కింద గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, వైరుకి కొంచెం వదులు ఇచ్చి, ఆ వదులు, మధ్యలో తిరుగుతూ పాయింట్లని తెరిచే క్యామ్‌కి తగలకుండా చూసి బిగించాను. కాయిల్ నుంచి లోపలికి వచ్చే చిన్న వైరు కూడా అదే వయసుది, అదే రకంగా వంగుతుంది. అది ఇంకా తెగలేదు గానీ దాన్నీ మార్చేశాను.

జారే ప్లేటు మధ్యలో ఊక దుమ్ము, పాత గ్రీజు కలిసి జిగురై ఉంది. విప్పి కిరోసిన్‌తో కడిగి, రెండు చుక్కల నూనె వేశాను. పాయింట్ గ్యాపు ఈ డిస్ట్రిబ్యూటర్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. కొత్త పాయింట్లలో క్యామ్‌కి ఆనే ఫైబర్ మడమ మొదట్లో కొంచెం అరుగుతుంది, గ్యాపు తగ్గుతుంది, అందుకని 0.40 పెట్టాను. క్యామ్ మీద అగ్గిపుల్ల కొసంత గ్రీజు. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది.

ఇప్పుడు మీటరు సున్నా, పన్నెండు, సున్నా, పన్నెండు అని వరుసగా మారింది. వాక్యూమ్ పైపుకి పెద్ద సిరంజి తగిలించి లాగుతూ ప్లేటుని జరిపి చూశాను. ప్లేటు ఎక్కడున్నా పాయింట్లు మూసినప్పుడు 0.1 దాటలేదు. కొందరు ఆ పైపుని నోటితో పీల్చి చూస్తారు. పెట్రోల్ రుచి చూడాలని ఉంటే తప్ప వద్దు.

కాయిల్ నడిమి వైరు నుంచి సెల్ఫ్ కొట్టి చూస్తే నీలం స్పార్క్ వస్తోంది. ప్లగ్గుల దగ్గర? లేదు. ఓనరు తల పట్టుకున్నాడు. "ఇంకెక్కడ పోతుందన్నా?"

కాయిల్ నుంచి వచ్చి ప్లగ్గుకి చేరకపోతే మధ్యలో ఉన్నవి మూడే: క్యాపు, రోటర్, వైర్లు. నాలుగు వైర్లూ ఒకేసారి చెడవు. క్యాపు లోపల నడిమి కార్బన్ బ్రష్ స్ప్రింగుతో బాగానే కదులుతోంది, నల్ల గీతలు, పగుళ్ళు లేవు. మిగిలింది రోటర్. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది, ఎందుకో చాలామంది చేయరు. క్యాపు తీసేసి రోటర్‌ని షాఫ్ట్ మీదే ఉంచాలి. కాయిల్ నడిమి వైరు కొసని రోటర్ ఇత్తడి మీదికి 3 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. స్విచ్ ఆన్ చేసి పాయింట్లని స్క్రూ డ్రైవర్‌తో మూసి తెరవాలి. రోటర్ మంచిదైతే స్పార్క్ దానిమీదికి దూకదు, దూకినా పోవడానికి దారి లేదు కదా. దూకిందంటే రోటర్ లోపలి నుంచి షాఫ్ట్‌లోకి, అక్కడి నుంచి ఎర్త్‌కి కారిపోతున్నట్టు.

దూకింది, టప్ టప్ అని ప్రతిసారీ.

అది కొత్త రోటర్. ఊడదీసి చూస్తే ఇత్తడి పట్టీని పట్టి ఉంచే రివెట్టు లోపలికి బాగా దిగింది, షాఫ్ట్ కూర్చునే గుంటకీ రివెట్టు కొసకీ మధ్య ప్లాస్టిక్ కాగితమంత మందమే మిగిలింది. అక్కడ సూది మొన అంత నల్ల చుక్క. వేల వోల్టులకి ఆ కన్నం చాలు. కవర్లోంచి పాత రోటర్ తీశాను. అందులో రివెట్టే లేదు, ఇత్తడిని ప్లాస్టిక్‌లోనే పోత పోశారు. కొస మీద మసి తుడిచి అదే పరీక్ష చేస్తే ఒక్కసారి కూడా దూకలేదు. దాన్నే బండికి వేశాను. హైదరాబాద్ పుత్లీబౌలి నుంచి తెప్పించే పని తప్పింది.

క్యాపు మీద వైర్ల వరుస 1-3-4-2 సరిగానే ఉంది. ప్లగ్గులు ఇన్నాళ్ళ సెల్ఫ్‌కి పెట్రోల్‌తో తడిసి ముద్దయ్యాయి, తీసి ఆరబెట్టి 0.6 చొప్పున గ్యాపు సరిచూశాను. టైమింగ్‌ని (స్పార్క్ పడే సమయాన్ని) టెస్ట్ ల్యాంప్‌తో పెట్టుకున్నాను. కాయిల్ పాయింట్ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య ల్యాంప్ తగిలిస్తే పాయింట్లు తెరుచుకున్న క్షణాన వెలుగుతుంది, పుల్లీ గుర్తు చోటికి వచ్చినప్పుడే అది వెలగాలి. చోక్ లాగి సెల్ఫ్ కొడితే మొదట ఒక సిలిండర్ పలికింది, తర్వాత నాలుగూ అందుకున్నాయి. షాపంతా తెల్ల పొగ, పిల్లగాడు ఒకటే నవ్వు.

స్టార్ట్ అయితే రెండో ప్రశ్నకి జవాబు దొరికినట్టు. మొదటి ప్రశ్న ఇంకా ఉంది. అందుకే ఐడిల్ చూసి అప్పజెప్పలేదు. మధ్యాహ్నం ఎండలో, ఇంజను పూర్తిగా వేడెక్కాక, క్లాక్ టవర్ నుంచి పానగల్లు దాకా ట్రాఫిక్‌లో నడిపి, ఆ తర్వాత మిర్యాలగూడ రోడ్డు ఎక్కించాం. ఆ రోడ్డులో 50 దగ్గర, కాలు తేలిగ్గా పెట్టి, ఒకే స్పీడు. తండ్రి చెప్పిన జబ్బు వచ్చేది సరిగ్గా అక్కడే. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. పక్క సీట్లో కూర్చున్న ఓనరు, వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి ఇంజను శబ్దం వినిపించాడు. ఆయన మొదట అడిగింది, "ఎంత గుంజిన్రు?" అని.

గుంజింది పెద్దగా ఏమీ లేదు. నా వైపు నుంచి బండికి పడిన సామాను ఒక అడుగు సిలికాన్ వైరు, ఒక వైరు జాయింటు, స్లీవు. మిగతాదంతా మజూరీ. అంతకు ముందు పెట్టిన కాయిల్, కండెన్సర్, క్యాపు డబ్బులే ఎక్కువ, అవి షాపుకి వాపసు కూడా పోవు. ఎలక్ట్రికల్ సామాను తిరిగి తీసుకోము అని కౌంటర్ మీదే రాసి ఉంటుంది. కొత్త కాయిల్ బాగానే ఉంది కాబట్టి ఉండనిచ్చాను, పాత కాయిల్, కండెన్సర్, పాయింట్ సెట్టు శుభ్రం చేసి డిక్కీలో పెట్టించాను. దారిలో ఆగితే ఆ కవరే ఉపయోగపడుతుంది. చెడిన రోటర్‌ని మాత్రం నేను ఉంచుకున్నాను, పిల్లగాడికి పరీక్ష నేర్పడానికి.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేద్దామా అని ఓనరు అడిగాడు. వేయొచ్చు, నాకు అభ్యంతరం లేదు. గ్యాపు చూసుకునే బాధ ఉండదు. కానీ డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల చోట కూర్చునే మాడ్యూల్ రకాలు చాలావరకు ఎర్త్‌ని ఆ జారే ప్లేటు నుంచే తీసుకుంటాయి. తెగిన వైరు అలాగే ఉంచి మాడ్యూల్ వేసి ఉంటే అదీ పలికేది కాదు, ఇంకో ఖరీదైన పార్టు కవర్లో చేరేది. రోటర్ ఎలాగూ అదే, దాని లోపమూ అలాగే ఉండేది. నా మటుకు నేను పాయింట్లే ఉంచమన్నాను. రోడ్డు పక్కన ఆగినా ఒక గరుకు కాగితం ముక్క, ఒక స్క్రూ డ్రైవర్‌తో ఇంటికి చేరొచ్చు.

ఇక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీవో ఆఫీసుకి తీసుకుపోవాలి. దానికి ముందు బ్రేకుల పని ఉంది, వెనక వీల్ సిలిండర్లు రెండూ కారుతున్నాయి. అది అయ్యేదాకా ఊరు దాటించొద్దని చెప్పాను. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తెమ్మన్నాను, అప్పటికి ఫైబర్ మడమ అరిగి గ్యాపు 0.40 నుంచి కొంచెం తగ్గి ఉంటుంది, మళ్ళీ పెట్టి టైమింగ్ సరిచూడాలి.